మోకాలి వార్త

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఎంపిక. శుక్రవారం పొద్దుటికల్లా యూట్యూబ్ జోస్యాల్లో దీక్షిత పేరు మొదటి రౌండ్ నుంచి మూడో రౌండ్‌కు జారిపోయింది.

కొత్తగా పెట్టిన మహిళల కబడ్డీ లీగ్ అది. ముందే తీసుకున్నవాళ్లు కాక, ఆరు జట్లూ నాలుగు రౌండ్లలో వంతులవారీగా ఒక్కో కొత్త ఆటగత్తెను పిలుచుకుంటాయి. ఏ జట్టు ఎవరిని పిలుస్తుందో జోస్యం చెప్పే యూట్యూబ్ ఛానళ్లు నెల రోజులుగా బోధన్‌లో ప్రతి ఫోన్‌లోనూ మోగుతున్నాయి. అన్నిటిదీ ఒకటే మాట. ఎడమ మూలన నిలబడి పట్టు పట్టే దీక్షితను ఏ జట్టూ వదులుకోదని.

ఆ పొగడ్త చెవిన పడ్డప్పుడల్లా తల్లి అంజవ్వకు దిష్టి భయం పట్టుకునేది. పొద్దుగూకగానే బిడ్డను గడపలో నిలబెట్టి ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది. "నీ బిడ్డ టీవీల వస్తదట గదా అంజవ్వా" అని పక్కింటామె పలకరిస్తే, "ఏం టీవీనో అక్కా, రెండ్రోజుల సంది అన్నం ముడుతలేదు" అని, అప్పుడే తిని లేచిన బిడ్డ గురించి చెప్పి లోపలికి పోయేది.

దీక్షితకు ఇదే ఆఖరు అవకాశం. తండ్రి రాజలింగు ఒకప్పుడు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆటో నడుపుతున్నాడు. ఈసారి పేరు రాకపోతే సోమవారం నుంచి ఆట బంద్, నిజామాబాద్‌లో బట్టల దుకాణంలో పని. సేటుతో మాట కూడా అయిపోయింది. రాజలింగు ఆ మాట కోపంతో చెప్పలేదు. అలసిపోయి చెప్పాడు. దీక్షిత కూడా సరేనంది.

శుక్రవారం తెల్లారకముందే ఒక ఛానల్ వాడు మొదలుపెట్టాడు. దీక్షిత మోకాలు పాడైందట, జట్టు లోపలి మనిషే చెప్పాడట. మధ్యాహ్నానికి ఇంకొకడు ఆపరేషన్ అన్నాడు. సాయంత్రానికి ఆమె నడవలేకపోతోందని మరొకడు తేల్చేశాడు. శనివారం పొద్దున ఏ జోస్యంలోనూ ఆమె పేరే లేదు.

దీక్షిత ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనక ఖాళీ జాగాలో నలభై గుంజీళ్లు తీసి, ఒంటికాలితో ఈ చివరి నుంచి ఆ చివరికి గెంతి, వీడియో తీయించి అన్ని ఛానళ్లకూ పంపింది. ఒక్కడే పెట్టాడు. కింద వచ్చిన మొదటి మాట, పాత వీడియో అని.

అంజవ్వకు మాత్రం అంతా అర్థమైపోయింది. దీక్షిత జట్టులోనే ఆమె పక్కన ఆడే లాస్య పేరు అదే రోజు నాలుగో రౌండ్ నుంచి రెండో రౌండ్‌కు ఎక్కింది. లాస్యవాళ్లు ఆంధ్ర నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్నవాళ్లు. ఊరి బయట తమలాంటివాళ్ల క్యాంపులో ఉంటారు. రాజలింగు వద్దంటున్నా వినకుండా అంజవ్వ అతని ఆటోలోనే క్యాంపుకు పోయింది.

లాస్య తల్లి బసవమ్మ వాకిట్లో వడియాలు పెడుతోంది. అంజవ్వ అన్న మాటలన్నీ పిండి చేతులతోనే నిలబడి విన్నది.

"మా పిల్ల చెయ్యి పట్టుకుని ఆడేది మీ పిల్లే కదండీ," అన్నది చివరికి. "మీ పిల్ల పడిపోతే మా పిల్లేం నిలబడుద్ది?"

"నిలబడ్డది గదా. రెండో రౌండంట," అన్నది అంజవ్వ. "నా బిడ్డ నోటికాడి కూడు తీసినోళ్ల నోట్ల మన్నువడ."

లాస్య లోపలి నుంచి బయటికి రాలేదు. రాజలింగు ఆటో తిప్పాడు.

ఆదివారం టీవీ ముందు ముగ్గురే కూర్చున్నారు. నెలంతా ఇంటికి వచ్చి పోయినవాళ్లు ఆ రోజు ఎవరూ రాలేదు. రెండో రౌండ్‌లో లాస్య పేరు పిలిచారు. మూడో రౌండ్ అయిపోయింది. నాలుగో రౌండ్ కూడా అయిపోయి, తెర మీద యాంకరమ్మాయి నవ్వుతూ సెలవు తీసుకుంది. దీక్షిత వంగి తన మోకాలిని రెండు చేతులతో తడిమి చూసుకుంది, తనకే అనుమానం వచ్చినట్టు.

రాజలింగు దీక్షిత కోచ్‌కు ఫోన్ చేసి, అందరికంటే ముందు పిలిచే వంతున్న జట్టుకు ఆటగత్తెలను ఎంచే సార్ నంబరు అడిగి తీసుకున్నాడు. స్పీకర్ పెట్టాడు. హైదరాబాద్ నుంచి ఆ సార్ మర్యాదగానే మాట్లాడాడు. మా కాగితంలో మొదటి పేరు మీ అమ్మాయిదేనన్నాడు. మోకాలి సంగతి తెలిశాకే కొట్టేయాల్సి వచ్చిందన్నాడు. ఎవరో గిట్టనివాళ్లు పుట్టించిన మాట సార్ అది అని రాజలింగు అంటే, ఆయన ఒప్పుకోలేదు. ఛానళ్లవాళ్ల మాట మేం వినం, ఆడేవాళ్లు గాయాలు దాస్తారు గనక అన్నీ మేమే కనుక్కుంటాం అన్నాడు.

అంజవ్వ ఫోన్ గుంజుకుంది.

"ఎవలు జెప్పిండ్రు సారూ? పేరు చెప్పుండ్రి. ఆ నోరు ఎవలదో నాకు ఎరుక గావాలె."



"మీ గొంతు గుర్తుపట్టానమ్మా," అన్నాడాయన. "ఇంత బాగా పట్టు పట్టే పిల్లను నేనెక్కడా చూడలేదని బుధవారం నేనే మీ ఇంటికి ఫోన్ చేస్తే, ఎవరని కూడా అడక్కుండా 'యాడి ఆట సారూ, మోకాలు పట్టేసి మంచం దిగుతలేదు' అన్నది మీరే కదా."