అరవై మీటర్ల లోతు గాలి

సముద్రం పైనీళ్లు వేడెక్కి చేపలు లోతుకు దిగిపోయాక, పోలమ్మపాలెంలో వలలు కూడా అరవై మీటర్ల కిందే కట్టారు. ఇంటికొకరు, లోతులో మత్తెక్కకుండా హీలియం కలిపిన గాలి సిలిండర్లు తగిలించుకుని వాటి దగ్గరికి దిగుతున్నారు. నలభై ఎనిమిదేళ్ల నూకరత్నం తానూ ఆ పని నేర్చుకుంటానని పట్టుబట్టింది. నేర్పేది ఆమె కూతురు పైడితల్లే.

మొదటిసారి పూర్తి లోతుకు దిగాల్సిన రోజు, పడవెక్కే ముందు నూకరత్నం సిలిండర్‌లో ఆక్సిజన్ కొలిచే మీటరు అడిగింది.

"నాను సూసేనే అమ్మా. ఎండెక్కిపోతంది, పద."

"పీల్చీవోళ్లే కొలుసుకోవాలని నువ్వే గదే సెప్పేవు?"

పైడితల్లి విసుగ్గా మీటరు ఇచ్చింది. ఆక్సిజన్ పద్దెనిమిది శాతం ఉండాలి. తన సిలిండర్‌కి పెడితే ఇరవై ఎనిమిది చూపించింది. ఆ లోతులో అంత ఆక్సిజన్ పీలిస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం నీళ్లలోనే పోతుంది.

"నీది కూడా ఇలా తే," అంది నూకరత్నం. అదీ ఇరవై ఎనిమిదే.

పైడితల్లి సిలిండర్ మీద పద్దెనిమిది అని రాసున్న చీటీని పీకేసింది. "నాను కొలవలేదే అమ్మా. అలిసిపోయి, ఊరికే సీటీ అంటించీసేను."

నూకరత్నం వాల్వులు తిప్పి రెండు సిలిండర్లూ ఖాళీ చేసింది. మళ్లీ నింపేసరికి మధ్యాహ్నమైంది. ఈసారి ఎవరిది వాళ్లు కొలుచుకున్నారు.

"రేపు దిగుదామే," అంది పైడితల్లి. ఆమె చేతులు ఇంకా వణుకుతున్నాయి.

"నీ వణుకు తగ్గీదాకా కూకుంటాను. తగ్గితే మాత్రం ఈయాలే దిగుదాం."

మూడింటికి వణుకు తగ్గింది. నూకరత్నమే ముందు నీళ్లలోకి దిగింది.