వాడిన తర్వాత

"కాస్త నవ్వవే తల్లీ! మొహం అలా మాడ్చుకుని కూర్చుంటే నా సరుకు ఎవరు కొంటారు?" అంటూ ఆడపడుచు ఫోను గురిపెట్టింది.

ఎనిమిదో నెల గర్భిణి అయిన మరదలు యాంటీఆక్సిడెంట్ బిళ్లల సీసాను చెంపకు ఆనించుకుని నవ్వబోయింది. ఫ్లాష్ వెలిగింది.

"ఇవి మింగితే కడుపుతో ఉన్నవాళ్లకి బీపీ రాదని ఎందుకు చెబుతారు వదినా? అదంతా ఉత్తిదేనని డాక్టరమ్మ చెప్పిందిగా."

"ఆవిడేమన్నా అమ్ముతోందా, ఆవిడకేం తెలుస్తుంది? నీ మొహమే చెబుతోంది, పున్నమి చందమామలా ఉన్నావు! ఆ పాత ఉంగరం తీసెయ్, ఫోటోలో బాగోలేదు."

ఉంగరం రాలేదు. సబ్బు రాసినా కదల్లేదు.

"చూశావా, ఎంత ఒళ్లు చేశావో!" అని మురిసిపోతూ ఆడపడుచు సోఫాలో కూలబడింది. పోయిన వారం తీసిన ఫోటో పక్కన ఇవాళ్టిది పెట్టి, కింద 'వాడక ముందు', 'వాడిన తర్వాత' అని రాయబోయి ఆగింది. ఇవాళ్టి ఫోటోలో రెప్పలు ఉబ్బిపోయి, కళ్లు సగమే కనిపిస్తున్నాయి.

"ఇక చాలు వదినా," అంది మరదలు నుదురు పట్టుకుని. "పొద్దుట్నుంచీ తల పగిలిపోతోంది. కళ్ల ముందు మెరుపులు మెరుస్తూనే ఉన్నాయి, ఆ ఫ్లాష్ ఆపండి."

ఆడపడుచు ఒళ్లో ఉన్న ఫోను వైపు చూసింది. ఫ్లాష్ ఎప్పుడో ఆగిపోయింది.

"లే, ఆస్పత్రికి వెళ్దాం, నీకు బీపీ చూపించాలి," అంది చెప్పులు వెతుక్కుంటూ.

"మరి ఫోటో?"

"డాక్టరమ్మకి చూపిద్దాం."

"సీసా?"

"అదీ తే. దాన్నీ నన్నూ కలిపి ఒకేసారి తిడుతుంది."