మూడుసార్లు వచ్చిన మనిషి

యానాం రేవులో పడవ అంచు మీంచి జారి పడ్డాడు బుల్లబ్బాయి. కుడి భుజం రాతిమెట్టుకి కొట్టుకుంది.

ఎముక విరిగిన చప్పుడు పక్క పడవలో వాళ్ళకి కూడా వినబడింది.

అది ఎనభై నాలుగో సంవత్సరం, భాద్రపదం. యానాం పక్క దరియాలతిప్పలో విసురు వల వెయ్యడంలో బుల్లబ్బాయిని మించినవాడు లేడు.

"ఆసుపత్రికెళ్దాం," అంది భార్య పాపాయమ్మ.

"సత్తిబాబుండగా ఆసుపత్రెందుకే?"

సత్తిబాబు విరిగిన ఎముకలకి నాటు కట్టు కడతాడు. మూడేళ్ళ కిందట ఎక్కణ్ణుంచో వచ్చి యానాం ఫరంపేటలో ఇల్లు తీసుకున్నాడు. మొదట్లో వాణ్ణి నమ్మి నలుగురినీ వాడి దగ్గరికి వెంటబెట్టుకెళ్ళింది బుల్లబ్బాయే. తోడబుట్టినవాణ్ణి చూసుకున్నట్టు చూసుకున్నాడు.

సత్తిబాబు ఆకుపసరు, కోడిగుడ్డు సొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టేడు.

"నలభై రోజులన్నయ్యా. తర్వాత వల నీదే, ఏరు నీదే."

నలభయ్యో రోజున కట్టు విప్పేడు. చెయ్యి ఛాతీ దాటి పైకి రాలేదు.

సత్తిబాబు భుజం నొక్కి చూశాడు. మళ్ళీ నొక్కేడు.

"అతికిపోయిందన్నయ్యా. కాస్త బిగుసుకుంది, అంతే. నూనె రాసి తోముకో."

పది రోజుల తర్వాత రేవులో ఒక ముసలాయన ఎదురొచ్చాడు. తెల్లగడ్డం, మోకాళ్ళ దాకా పంచె.

"బుల్లబ్బాయంటే నువ్వేనా బాబూ?"

అవునన్నాడో లేదో, ముసలాయన భుజం మీద ఒక చెయ్యి, మోచేతి కింద ఒక చెయ్యి వేసి మెల్లగా కదిపేడు.

"అతకలేదు. ముక్కలు దేనికది ఉన్నాయి. కాకినాడ పెద్దాసుపత్రికెళ్ళు."

"మీరెవరండీ?"

"కోటిపల్లి మాది. సూరన్నంటారు."

బుల్లబ్బాయి ఆ సంగతి సత్తిబాబుకి చెప్పేడు.

సత్తిబాబు మొహం మాడిపోయింది. "మతిలేని ముసలోడు. నేను బాగుపడుతుంటే ఓర్వలేనోళ్ళు పంపుంటారు. దగ్గరకి రానీకు."

వారం తిరక్కుండా ముసలాయన ఇంటికే వచ్చాడు. బుల్లబ్బాయి మొహం తిప్పుకుంటే, పాపాయమ్మతో మాట్లాడేడు.

"నువ్వైనా చెప్పమ్మా. ఆలస్యమయ్యేకొద్దీ విరిగిన కొసలు నున్నగా అరిగిపోతాయి. ఆనక అతికించడం కష్టం."

మూడోసారి రేవులో, పదిమందిలో వచ్చి అదే మాటన్నాడు.

"మా సత్తిబాబుని ఇంకో మాటన్నావంటే ఊరుకోను," అని బుల్లబ్బాయి ఎడంచేత్తో తోసేశాడు.

ముసలాయన మెట్ల మీద పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. ఎవరూ లేపలేదు. తనే లేచి, పంచె దులుపుకున్నాడు.

"నన్ను తోస్తే తోశావులే. ఆసుపత్రికి మాత్రం ఎళ్ళు బాబూ."

మళ్ళీ రాలేదు.

మాఘమాసంలో ఒకనాడు నీళ్ళబకెట్టు ఎత్తబోతే, కీలు లేనిచోట చెయ్యి వంగింది. బుల్లబ్బాయి కుప్పకూలిపోయాడు. పాపాయమ్మ ఇంకెవర్నీ అడక్కుండా కాకినాడ బస్సెక్కించింది.

డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించాడు. ఎముక రెండు ముక్కలుగా, మధ్యలో నల్లటి సందు.

"రెండు నెలల ముందొచ్చుంటే బాగుండేది. ఇప్పుడు చెయ్యి పూర్తిగా వస్తుందని చెప్పలేను."

తుంటి దగ్గర్నుంచి ఎముక తీసి ఆ సందులో పెట్టారు. ప్లేటు వేసి మరలు బిగించారు.

ఇంటికి రాగానే, మెడకి వేలాడుతున్న చేత్తోనే బుల్లబ్బాయి ఫరంపేట వెళ్ళేడు.

"కట్టు విప్పిన రోజే నీకు తెలుసా?"

సత్తిబాబు తల దించుకున్నాడు. "తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నీ చెయ్యే అతకలేదని తెలిస్తే, నా గడప ఇంకెవరు తొక్కుతారన్నయ్యా?"

కొడదామనుకున్నాడు. లేవాల్సిన కుడిచెయ్యి మెడకి వేలాడుతోంది. ఏడుపొచ్చింది. అది వాడికి కనబడకూడదని గబగబా బయటికొచ్చేశాడు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఒకటే పని. గోడ మీద వేళ్ళని సాలీడులా పైకి పాకించడం. దూలానికి తాడు వేసి, మంచి చేత్తో చెడ్డ చేతిని లాగడం. ప్రాణం పోతున్నట్టుండేది. వారం వారం పాపాయమ్మ వేళ్ళు అందినచోట బొగ్గుతో గీత గీసేది. కొన్ని వారాలు గీత మీదే గీత పడేది.

ఆశ్వయుజంలో మొదటిసారి వల విసిరేడు. మునుపటిలో సగమే విచ్చుకుంది. అయినా విచ్చుకుంది.

ఆ మర్నాడే కోటిపల్లి వెళ్ళి, సూరన్నగారిల్లు ఎక్కడని అడిగేడు. ఒకావిడ బయటికొచ్చింది. ఆయన కూతురు రమణమ్మ.

"నాన్న వైశాఖంలో పోయారండి. మీదే ఊరు?"

"యానాం."

ఆవిడ అతని భుజం వంక చూసింది.

"అక్కడెవరికో భుజం అతకలేదట, మూడుసార్లు పడవెక్కి వెళ్ళేరు. ఆఖరిసారి మోకాలు చీరుకుని వచ్చారు. ఎవరు తోశారంటే, నేనే జారిపడ్డానన్నారు."

బుల్లబ్బాయి గడప దగ్గరే కూర్చుండిపోయాడు.

"నా భుజం సంగతి ఆయనకెలా తెలిసిందమ్మా?"

"కట్టు కట్టినవాడే వచ్చి చెప్పేడండి. ఆసుపత్రికి పంపించరా అని నాన్న కాళ్ళావేళ్ళా పడ్డా వాడు వినలేదు. సత్తిబాబు మా తమ్ముడేనండి."