లుజియా అమ్మమ్మ షరతు

“మళ్లీ చెప్పమంటోంది నాన్నా,” అన్నాడు కిట్టు గొంతు తగ్గించి.

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఎందరో రోగులకు ధైర్యం చెప్పిన డాక్టరు శేషాచలం, సోఫా అంచున కూర్చుని టై వదులు చేసుకున్నాడు. ఎదురుగా, కిట్టు ప్రేమించిన లుజియా వాళ్ల అమ్మమ్మ చేతికర్ర మీద గడ్డం ఆనించి, కళ్లు మూసుకుని ఉంది. అంగోలా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆ ఇంట్లో ఆవిడ మాటే చెల్లుబాటు. పిల్లవాడి తండ్రి స్వయంగా వచ్చి, తమ కింబుందు భాషలోనే పిల్లనడగాలని ఆవిడ షరతు పెట్టింది. అమ్మమ్మ కాదంటే పెళ్లి లేదని లుజియా కిట్టుకు ముందే చెప్పేసింది.

మగపెళ్లివారంటే కాళ్లు కడిగించుకోవడమే తప్ప, ఇలా బతిమాలుకోవడం శేషాచలం ఇంటావంటా లేదు. అయినా పాపం నేర్చుకున్నాడు. అంగోలా రాజధాని లువాండా నుంచి ఒక టీచరమ్మ వీడియో కాల్‌లో పాఠాలు చెప్పింది. ఆ భాషను ఎప్పుడో పాదిరీలు రోమన్ అక్షరాల్లో రాసిపెట్టారు. శేషాచలం తెలుగులో రాసుకున్నాడు. మాటలన్నీ మనలాగే అచ్చులతో ముగుస్తున్నాయని మురిసిపోయాడు. చిన్నప్పుడు పలకమీద దిద్ది వదిలేసిన ‘ఙ’ ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది. పోర్చుగీసువాళ్ల ఏలుబడిలో, బళ్లో ఈ భాష మాట్లాడిన పిల్లలకు దెబ్బలు పడేవని, ఆ భయంతో చాలామంది తల్లులు ఇంట్లో నేర్పడమే మానేశారని టీచరమ్మ చెబితే బాధపడ్డాడు కూడా.

“అంత స్పీడ్ ఎందుకండీ? ట్రైన్ ఏమైనా మిస్సవుతామా?” అంది భార్య లీల.

“నువ్వు కాసేపు ఊరుకో. అసలే టెన్షన్‌తో చస్తున్నా!”

లేచి నిలబడి మొదటినుంచీ చెప్పాడు. మామెతు, అమ్మా, అని పిలిచాడు. మీ బిడ్డను మా బిడ్డలా చూసుకుంటామన్నాడు. ఙసాకిదిలా, ధన్యవాదాలు, అని దణ్ణం పెట్టి ముగించాడు.

ముసలావిడ కళ్లు తెరవలేదు. చూపుడువేలు మాత్రం గాలిలో గుండ్రంగా తిప్పింది.

“ఇంకోసారా!” అన్నాడు శేషాచలం.

ఎక్కడ తప్పుతున్నాడో తెలిస్తే కదా దిద్దుకోవడానికి! కొడుకు పెళ్లి తన నాలుక మీద ఆగిపోయిందన్న భయంతో, ఈసారి ఒక్కో మాటా విడదీసి పలికాడు. ఆవిడ చెంపల మీద నీళ్లు కారాయి.

“సారీ అమ్మా, నా ప్రొనన్సియేషన్ మరీ అంత ఘోరంగా ఉందా?” అని లుజియాను ఇంగ్లీషులో అడిగాడు. “ఎక్కడ తప్పానో కనుక్కో. నేర్చుకుని నెక్స్ట్ వీకెండ్ మళ్లీ వస్తాం.”

“అమ్మమ్మ ఫస్ట్ టైమే ఒప్పుకుంది అంకుల్.”

“మరి ఇన్నిసార్లు ఎందుకు చెప్పించింది?”

“వాళ్లమ్మ పోయాక ఆ భాష ఎవరి నోటా వినలేదట.”

శేషాచలం కూలబడి ఊపిరి పీల్చుకున్నాడు. “అయితే నేను తప్పులేం మాట్లాడలేదన్నమాట!”

లుజియా ముసలావిడ చెంపలు తుడుస్తూ, తనకేం తెలుసన్నట్టు భుజాలెగరేసింది.

“అమ్మమ్మకి కింబుందు రాదు.”