గొంతు దించిన చోట

సాయంత్రం నాలుగింటికి ఝపటాపూర్‌లోని రికార్డింగ్ గదిలో, పాట రికార్డు చేసిన అమర్‌నాథ్ చేతిలోంచి గోపాలం మౌస్ లాక్కున్నాడు.

“ఆ కంప్రెసర్ తిప్పకు బాబూ,” అన్నాడు.

రైల్వే ఆఫీసులో రిటైరైన గోపాలం ఎవరి మీదా చెయ్యి వేసే మనిషి కాదు. అమర్‌నాథ్ ఏం చెయ్యాలో తోచక గుడి కమిటీ సెక్రటరీ వేణుగోపాల్ వైపు చూశాడు. ఆ పాట మర్నాడు తెల్లవారుజాము నుంచి గుడి మైకులో రావాలి. స్వామిని మేలుకొలిపే పాట. పాడింది గోపాలం భార్య కోటేశ్వరి. ఊళ్లో సగంమందికి సంగీతం నేర్పిన టీచరు. పాడడం అయిపోయాక ఆవిడ బయట వరండాలో కూర్చుంది.

“ఏటండీ గోపాలం గారూ,” అన్నాడు వేణుగోపాల్. “ముందర బాగానే ఉంది. చివరికొచ్చేసరికి గొంతు దించేసినారావిడ. పొద్దున్నే గూడ్సు ఎల్తుంటే అది ఎవుడికి వినపడతాది?”

“స్వామికి వినపడతాది.”

“స్వామి మైకు పక్కనే ఉంటాడు. జనం ఎక్కడో తాల్‌బగీచాలో ఉంటారు.”

అమర్‌నాథ్ సర్దిచెప్పబోయాడు. “కంప్రెసర్ అంటే మరేటీ కాదు సార్. పెద్దగా పాడినకాడ కొంచెం నొక్కుతాది. తర్వాత మొత్తం పైకి లేపుతాను. చిన్నగా పాడింది కూడా అందరికీ వినపడతాది. బజార్లో పాటలన్నీ అలాగే చేస్తారు.”

“అందుకే అన్నీ ఒక్కలాగే ఏడుస్తాయి,” అన్నాడు గోపాలం. “నిద్రపోయేవాణ్ణి లేపడమంటే వర్క్‌షాపు సైరనేటి? ముందు గట్టిగా పిలుస్తాం. కళ్లు తెరిచినాక గొంతు దించుతాం. ఆ దించడమే పాట. దాన్ని లేపేస్తే ఇంకేటి మిగుల్తాది?”

ఆ మాట అమర్‌నాథ్‌కి నచ్చింది. నిజానికి ఆ చరణాలను పైకి లేపడం అతనికీ ఇష్టం లేదు.

“ఠీక్ హై,” అన్నాడు వేణుగోపాల్ లేస్తూ. “పాట టీచరమ్మది. ఆవిడనే అడుగుదాం.”

గోపాలం ఆ వైర్‌లెస్ మౌస్ పట్టుకునే వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

“ఆవిడనేటి అడుగుతారు? నేను చెప్పినాను కదా.”

“మీరు పాడలేదు కదండీ.”

గోపాలం తలుపు దగ్గర్నుంచి కదల్లేదు.

వేణుగోపాల్ మళ్లీ కూర్చున్నాడు. “అయితే వినండి. కాసేపట్లో కమిటీవాళ్లు వస్తారు. పాట ఇలాగుంటే ఒప్పుకోరు. ప్రేమ్ బజార్ కుర్రాళ్లు పాడింది ఒకటి సిద్ధంగా ఉంది, అది పెట్టేస్తారు. టీచరమ్మ పాట ఇంక ఈ ఊళ్లో మైకెక్కదు. ఆలోచించుకోండి.”

“ఎక్కకపోతే మానె,” అన్నాడు గోపాలం. “తీసెయ్ అమర్. మొత్తం తీసెయ్.”

“తీసేస్తే పోతాది సార్. టీచరమ్మ మళ్లీ ఇలాగ పాడతారా?”

“పాడదు.”

బయట ఆటో హారన్ కొట్టింది. గోపాలం కిటికీలోంచి చూశాడు. కోటేశ్వరి వరండా దిగి, చెప్పులు లేకుండా రోడ్డు మధ్యలో నడుస్తోంది. గోపాలం మౌస్ బల్ల మీద పడేసి పరిగెత్తాడు.

“ఇప్పుడు తిప్పు,” అన్నాడు వేణుగోపాల్.

“వద్దన్నారు కదా దాదా.”

“గుడికి ఇవ్వొద్దన్నాడు. మనం వింటే ఏటి పోతాది? ఆవిడ పాట నిలబడాలా వద్దా? బాగులేకపోతే తీసేద్దువు.”

అమర్‌నాథ్ తలుపు వైపు చూశాడు. తర్వాత కంప్రెసర్ ఆన్ చేసి, చివరి చరణాలు పెట్టాడు.

కోటేశ్వరి గొంతు దగ్గరికి వచ్చింది. తంబురా లేచింది. ఆవిడ ఊపిరి లేచింది. వాటి కింద ఇంకో గొంతు ఉంది. మగ గొంతు. ఆవిడ అందుకునే ప్రతి పంక్తికి రెప్పపాటు ముందు, ఆ పంక్తిలోని మొదటి మాట గుసగుసగా చెబుతోంది.

అమర్‌నాథ్ ఆపి, వెనక్కి తెచ్చి మళ్లీ వినిపించాడు.

“ఎవుడది?” అన్నాడు వేణుగోపాల్.

“గోపాలం గారు. తాళం వేస్తానని ఆవిడ పక్కనే కూర్చున్నారు. రికార్డింగప్పుడు ఏదో ఊపిరి శబ్దమనుకున్నాను.”

వేణుగోపాల్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. “మాటలు అందిస్తన్నాడు. ఊరందరికీ పాట నేర్పిన మనిషికి. దీనికా ఇంత రభస. గొంతు దించడమే పాటంట, నేను నమ్మేసినాను కూడా.” నవ్వు ఆపుకున్నాడు. “పెద్దావిడ ఒక మాట మర్చిపోతే ఎవరేటంటారు? ఆ గుసగుసలు కోసెయ్యగలవా?”

“మాటల మీద పడినకాడ కష్టం. ఖాళీల్లో కోసెయ్యొచ్చు.”

“అయితే కోసెయ్. ఆయన వచ్చేలోగా.”

చివరి రెండు చరణాల మధ్య తంబురా మాత్రమే మోగే ఖాళీ ఒకటి ఉంది. అమర్‌నాథ్ అక్కడికి వెళ్లాడు. ఎక్కడ కొయ్యాలో తెలియడానికి ఇంకొంచెం పైకి లేపాడు.

“కోటేశ్వరీ, భయపడకు,” అంది స్పీకర్లో గోపాలం గొంతు. “నేను గోపాలాన్ని. నీ మొగుణ్ణి. నువ్విప్పుడు పాట పాడతన్నావు. ఇంకో చరణం ఉంది.”