పదకొండు మాటలు

“ఆపమ్మా, చాలు,” అన్నారు సంగీత కళాశాల ప్రిన్సిపాల్.

పల్లవి రెండోసారి ఎత్తుకోబోతున్న అమ్మాయి నోరు అలాగే తెరిచి ఉండిపోయింది. పియానో మాస్టారు మీటల మీద నుంచి చేతులు తీసేశారు. కిటికీ పక్కన కూర్చున్న గాత్రం మేడం కాగితం మీద ఏమీ రాయకుండానే పెన్నుకు మూత పెట్టారు.

“గొంతు పరవాలేదు. శ్రుతి మూడుచోట్ల జారింది. నీకంటే బాగా పాడినవాళ్ళు బయట పదిమంది ఉన్నారు. ఉన్నది ఒక్క సీటు.” ప్రిన్సిపాల్ దరఖాస్తు తిరగేశారు. “ఫార్మసీ రెండో ఏడు మానేశావా? ఇంకాస్త ఓపిక పడితే ఉద్యోగం చేతికొచ్చేది కదా! ఇటెందుకొచ్చావు?”

“సంగీతమంటే చిన్నప్పట్నుంచీ ప్రాణమండీ.”

“పొద్దుట్నుంచి ఈ మాట వినీ వినీ చెవులు వాచిపోయాయి. అసలు సంగతి చెప్పు.”

ఆమె సంచీ పట్టీని వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

“మా నాన్న లారీ డ్రైవరండీ. ఏడు నెలల కిందట బండి దిగి, ఇంటి గడప దాటకుండానే కూలిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి పడిపోయింది. మాట పోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. తిరిగి చెబుదామంటే నాలుక మెదలదు.”

“అయ్యో,” అన్నారు పియానో మాస్టారు. ప్రిన్సిపాల్ గడియారం చూసుకున్నారు.

ఆమె గబగబా అందుకుంది. “ఒకరోజు ఆయనకు గడ్డం గీస్తూ, పరధ్యానంగా జోలపాట పాడుతున్నానండీ. నాన్న కూడా కలిశాడు. ఊరికే ఊ కొట్టడం కాదు, మాటలతో సహా! నేను ఆపగానే ఆయన మాటా ఆగిపోయింది.”

మేడం మొదటిసారి ముందుకు వంగారు. “కొందరికి మాట పోయినా పాట మిగులుతుంది. తర్వాత?”

“ఆ వరసలోనే ‘నీళ్ళు కావాలి’ అని కట్టి పాడానండీ. ఎడం చేత్తో ఇలా తాళం వేయించాను.” ఆమె బల్ల మీద వేళ్ళతో మెల్లగా తట్టింది. “తొమ్మిదో రోజుకి ‘నీళ్ళు’ అన్నాడు. అలా ఇప్పటికి పదకొండు మాటలొచ్చాయి. అన్నం, నొప్పి, దుప్పటి, అలాంటివే. ఇక నాకొచ్చిన పాటలన్నీ అయిపోయాయి. ఏ మాటకి ఏ వరస కట్టాలో తెలీదు. నా శ్రుతి తప్పిందంటే ఆయన నోరు బిగించేస్తాడు.”

“బాగానే ఉంది. దానికి నాలుగేళ్ళ చదువెందుకు? ఆస్పత్రికి తీసుకెళ్ళు. ఇలాంటి వైద్యం చేసేవాళ్ళుంటారు,” అన్నారు ప్రిన్సిపాల్.

“ఒకచోట చేర్చుకున్నారండీ. రెండు వారాలకే రావద్దన్నారు.”

“ఏం?”

“నేను ఆయన మీద అరిచాను. భుజాలు పట్టుకుని ఊపేశాను, చెప్పు నాన్నా, చెప్పు అని.”



“తప్పు కదమ్మా,” అన్నారు మేడం. “ఆయనేమైనా పంతం పట్టి కూర్చున్నాడా? నిదానంగా వస్తాయి.”

“తెలుసండీ. నాకే నిదానం లేదు.”

“మీ అమ్మ సాయం చేయదా?”

“అమ్మ ఆయన గదిలోకే రాదండీ. కంచం నా చేతికిచ్చి గుమ్మంలోంచే వెళ్ళిపోతుంది. రోజంతా వీధి వైపు కిటికీ దగ్గరే కూర్చుంటుంది.”

“కొందరంతే. మంచాన పడ్డ మనిషిని చూసి తట్టుకోలేరు,” అని నిట్టూర్చారు మేడం.

“మీ క్లాసులో అలాంటి రోగులకి పాటతో మాట నేర్పిస్తారటగా మేడం! బయటివాళ్ళకి వచ్చే ఏడాది దాకా ఖాళీ లేదన్నారు. ఇక్కడ చేరిన విద్యార్థులు మాత్రం ఇంట్లోవాళ్ళని వెంట తెచ్చుకోవచ్చని ఆఫీసులో చెప్పారు. అందుకేనండీ.”

“దాహమేశాక బావి తవ్వుతానంటున్నావు తల్లీ,” అన్నారు ప్రిన్సిపాల్.

“తవ్వుతానండీ. గోళ్ళతోనైనా తవ్వుతాను.”

ఆయన తల అడ్డంగా ఊపి, ఆమె దరఖాస్తును పక్కనున్న పెద్ద కట్ట మీద పడేశారు. అది కాదన్నవాళ్ళ కట్ట అని గదిలోకి అడుగుపెట్టినప్పుడే ఆమెకు అర్థమైంది. అయినా కదలలేదు. పెదవి కొరుక్కుంది గాని కన్నీళ్ళు ఆగలేదు.

మేడం లేచి వచ్చి ఆ కాగితాన్ని కట్ట మీంచి తీశారు.

“పాటంటే ప్రాణమన్నవాళ్ళు రెండో ఏడు రాకుండానే చెక్కేయడం మనిద్దరం ఎంతమందిని చూళ్ళేదు సార్? ఈ పిల్ల పోదు. జారిన శ్రుతి సంగతి నాకొదిలేయండి.”

ప్రిన్సిపాల్ ఆమె వంకా, మేడం వంకా చూశారు. పియానో మాస్టారు తనను ఎవరూ అడక్కుండానే తల ఊపారు. ప్రిన్సిపాల్ విసుగ్గానే సంతకం పెట్టారు.

“సోమవారం నుంచి క్లాసులు.”

“రేపే తీసుకురావచ్చాండీ నాన్నని?”

పియానో మాస్టారు నవ్వేశారు. ఆమె నవ్వలేదు.

మేడం ఆమె భుజం మీద చెయ్యి వేసి వరండాలోకి నడిపించారు. “రేపే తీసుకురా. అన్ని మాటలూ ఒక్కసారి రావు. ముందు ఒక్కటి ఎంచుకుందాం. దానికి వరస నేను కడతాను. ఆయన నోటి వెంట ఏ మాట వినాలనుంది? నీ పేరేనా?”

“కాదండీ. ఒక ఊరి పేరు.”

“ఏ ఊరు?”

“అదే తెలీదండీ. నాకు తెలిసిన ఊళ్ళన్నీ అడిగాను, దేనికీ తల ఊపలేదు.”

మేడం నడక ఆపి ఆమె మొహంలోకి చూశారు.

“ఆయన కూలిపోయిన ఆ రోజు మా చెల్లిని లారీలో తీసుకెళ్ళి, నాన్న ఒక్కడే తిరిగొచ్చాడు.”