మోకాలి లీకు

"ఇది మూడోసారి డాక్టరుగారూ! మీరు పెట్టింది మోకాలా, నెత్తుటి కుండా?"

ప్లంబర్ భార్య గొంతుకి బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లంతా తలుపు వైపు తిరిగారు. డాక్టర్ అప్పటికే అలసిపోయాడు. పొద్దుట్నుంచీ చూసిన మోకాళ్లు ముప్పై దాటాయి. ఆపరేషన్‌లో తను మార్చిపెట్టిన మోకాలి కీలు ఉబ్బిపోయింది. అందులోకి సూది దించి లాగాడు. సిరంజి నిండా మళ్లీ అదే నల్లటి నెత్తురు. చూడగానే ప్రాణం ఉసూరుమంది.

మంచం మీదున్న ప్లంబర్ మాత్రం పళ్ల బిగువున నొప్పి ఓర్చుకున్నాడు తప్ప కిక్కురుమనలేదు.

"ఈయన నిచ్చెనెక్కి ఐదు నెలలైంది. ఇక ఎక్కలేడంటే ఆ మాటే చెప్పేయండి. మా తిప్పలేవో మేం పడతాం."

"ఎక్కుతాడమ్మా. రక్తం పలచబరిచే మాత్రలేవీ వాడటం లేదు, పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. కీలు లోపల చిన్న రక్తనాళమేదో కారుతోంది. తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపించి, అదెక్కడుందో పట్టుకుని మూసేయిస్తాను."

"ఆ పనేదో మొదటిసారే చెయ్యొచ్చుగా?"

డాక్టర్‌కి తల కొట్టేసినట్టయింది. వారం రోజులుగా తనకు తాను వేసుకుంటున్న ప్రశ్నే అది.

"చాలామందికి సూదితో తీసి, కట్టు కట్టి, విశ్రాంతిస్తే ఆగిపోతుందమ్మా. చిన్న పనితో పోయేదానికి ముందే పెద్ద పని పెట్టుకోవడం ఎందుకని..."

"మాటలు కోటలు దాటుతున్నాయి. లేవయ్యా, ఇంకో ఆస్పత్రికి పోదాం!"

"ఊరుకోవే," అన్నాడు ప్లంబర్, అప్పుడు నోరు విప్పి. "డాక్టరుగారే చేస్తారు. నాకు నమ్మకముంది. పోయి తారీఖు రాయించుకురా."

ఆవిడ విసురుగా బయటికి వెళ్లింది. డాక్టర్‌కి ఇన్నేళ్లలో ఇంత మంచి రోగిని చూడలేదనిపించింది. కట్టు కడుతూ మెల్లగా అడిగాడు.

"మీ ఆవిడ కోపంలో తప్పులేదు. అంత నొప్పి పడ్డది మీరు. నన్ను ఒక్క మాటైనా అనలేదేం?"

ప్లంబర్ నీరసంగా నవ్వాడు.

"ఏమంటాను సార్? పోయినేడు మీ ఇంటి బాత్రూమ్ గోడ మూడోసారి కారినప్పుడు నేనూ మేడమ్‌గారికి అక్షరాలా మీరిందాక చెప్పిందే చెప్పబోయాను... సగంలోనే గేటు చూపించారు."